ఇల్లు వేలమైంది, బాకీ మిగిలింది: రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి బహిరంగ లేఖ

భారత రిజర్వు బ్యాంకు గవర్నరు గారికి,
ముంబయి.



నేను ఒక ప్రభుత్వ రంగ బ్యాంకులో 33 ఏళ్లు పనిచేసి 2023 మే నెలాఖరున రిటైరయ్యాను. చివరి ఆరేళ్లూ రికవరీ సెక్షన్‌లో ఉన్నాను. మొండి బాకీల ఫైళ్లు చూడటం, నోటీసులు పంపడం, సర్ఫేసీ చట్టం కింద ఇళ్లు స్వాధీనం చేసుకుని వేలం వేయించడం నా పని. ఎన్ని తలుపుల మీద నోటీసులు అంటించానో లెక్క పెట్టుకోలేదు. చట్టం చెప్పిన పనే చేశాను. బ్యాంకులో ఉన్న డబ్బు డిపాజిటర్లది. పింఛను దాచుకున్న ముసలమ్మది, పంట అమ్మి వేసుకున్న రైతుది. తీసుకున్న అప్పు తీరకపోతే తాకట్టు ఆస్తి అమ్మక తప్పదు. ఇందులో నాకు అప్పుడూ సందేహం లేదు, ఇప్పుడూ లేదు.

ఇల్లు అమ్మేశాక ఆ మనిషి ఏమయ్యాడో మాత్రం మా సెక్షన్‌లో ఎవరూ చూడరు. వేలం డబ్బు జమ చేసుకుని ఫైలు బీరువాలో పెట్టేస్తాం. నేనూ చూడలేదు. రిటైరయిన రెండేళ్లకు, 2025 జూన్‌లో, ఒకాయన ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చిన రోజున మొదటిసారి చూశాను. ఆయన ఇంటి తలుపు మీద నోటీసు అంటించింది నేనే. మరి నా దగ్గరికే ఎందుకొచ్చారని అడిగితే, "మీరైతే ఇది చదివి చెప్పగలరు కదండీ" అన్నారు. ఫోనులో ఉన్నది ఆయన సిబిల్ రిపోర్టు, అంటే ఆయన అప్పుల చరిత్ర.

ఆయన అనుమతితోనే ఇది రాస్తున్నాను. పేరు రాయను. తెనాలిలో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఆయనది. 2015 డిసెంబరులో ఇంటి కోసం 30 లక్షల అప్పు తీసుకున్నారు. 20 ఏళ్ల గడువు, 9.5 శాతం వడ్డీ, నెలకు 27,964 రూపాయల కిస్తీ. 2016 జనవరి నుంచి 2020 ఫిబ్రవరి దాకా 50 కిస్తీలు, ఒక్కటి కూడా తేదీ దాటకుండా కట్టారు. మొత్తం 13 లక్షల 98 వేలు. ఇంత కట్టాక కూడా అసలులో తీరింది రెండున్నర లక్షల పైచిలుకే, ఇంకా 27 లక్షల 43 వేలు మిగిలింది. గృహరుణం తీరే తీరే అంత. మొదటి నెల కిస్తీలో 23,750 రూపాయలు వడ్డీకి పోతే అసలుకు జమయ్యేది 4,214. ఇది తెలియక చాలామంది నాలుగేళ్లు కట్టాం కాబట్టి అయిదో వంతు తీరిపోయి ఉంటుందనుకుంటారు.

2020 మార్చిలో కరోనా వచ్చింది. దుకాణం మూతపడింది. మీ సంస్థ ఆగస్టు దాకా కిస్తీలకు మారటోరియం ఇచ్చింది. ఆ ఆరు నెలలూ వడ్డీ మాత్రం నడిచి అసలులో కలిసింది. దుకాణం మళ్లీ తెరిచేసరికి సరుకు అరువిచ్చే హోల్‌సేల్ వాళ్లు రొక్కం అడిగారు. కిస్తీలు అక్కడక్కడా కట్టారు, తర్వాత అవీ ఆగిపోయాయి. 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ. ఆ తర్వాత చట్టం తన దారిన తాను నడుస్తుంది. 60 రోజుల గడువుతో సర్ఫేసీ చట్టం పదమూడో సెక్షన్ రెండో ఉపవిభాగం కింద నోటీసు, అది ముగిశాక స్వాధీనం నోటీసు, వారం లోపల రెండు పత్రికల్లో ప్రకటన, అందులో ఒకటి తెలుగు పత్రిక. ఇంగ్లీషు ప్రకటన ఆ వీధిలో ఎవరూ చూడలేదు. తెలుగు ప్రకటన అందరూ చూశారు.

ఇల్లు ఖాళీ చేయించడానికి వెళ్లిన రోజు నాకు బాగా గుర్తుంది. అడ్వొకేట్ కమిషనర్, ఇద్దరు కానిస్టేబుళ్లు, తాళం కప్పలు, లక్క, మైదా జిగురు డబ్బాతో వెళ్లాం. లోపలున్న సామాన్ల జాబితా రాస్తుంటే ఆయన భార్య పెరట్లోంచి వచ్చి, తులసికోట తీసుకెళ్లొచ్చా అని అడిగింది. సిమెంటుతో నేలకు కట్టిన కోట అది. నేలకు అంటుకున్నది స్థిరాస్తి, ఇంటితో పాటే పోతుంది అని కమిషనర్ చెప్పారు. ఆయన చెప్పింది సరైనదే. ఆమె మారు మాట్లాడకుండా మొక్కని మట్టితో సహా పెకలించి ఒక ప్లాస్టిక్ బకెట్లో పెట్టుకుంది. నేను తలుపుకి తాళం వేసి, లక్క ముద్ర వేసి, నోటీసు అంటించాను.

2022 నవంబరు నాటికి బాకీ వడ్డీ, నోటీసుల ఖర్చు, ప్రకటనల ఖర్చు కలిపి 34 లక్షల 20 వేలయింది. మొదటి వేలంలో రిజర్వు ధర 34 లక్షలు పెడితే ఎవరూ రాలేదు. వేలంలో ఇల్లు కొనేవాడు పోట్లాట ఇల్లని భయపడతాడు, పాడినా తక్కువకే పాడతాడు. రెండోసారికి పది శాతం తగ్గించి 30 లక్షల 60 వేలు పెట్టాం. ఒక్కరే వచ్చి 30 లక్షల 70 వేలకు కొనుక్కున్నారు. మూడున్నర లక్షలు మిగిలింది.

గవర్నరు గారూ, ఈ ఉత్తరమంతా ఆ మూడున్నర లక్షల గురించే.

ఇల్లు పోతే అప్పు పోయినట్టేనని మన దగ్గర నూటికి తొంభై మంది నమ్మకం. తాకట్టు పెట్టిన వస్తువు షావుకారు ఉంచేసుకుంటే లెక్క తెగిపోయినట్టు అనుకోవడం తరాల నాటి అలవాటు. సర్ఫేసీ చట్టంలో అలా లేదు. అమ్మగా వచ్చిన డబ్బు చాలకపోతే మిగతాది వసూలు చేసుకునే హక్కు పదమూడో సెక్షన్ పదో ఉపవిభాగం కింద బ్యాంకుకు ఉంటుంది. 20 లక్షలకు తక్కువైన బాకీ 2018 తర్వాత రుణ వసూలు ట్రిబ్యునల్‌కు (డీఆర్టీకి) వెళ్లదు కాబట్టి దీనికి సివిల్ కోర్టులో దావా వేయాలి. మూడున్నర లక్షల కోసం దావా వేసి, డిక్రీ తెచ్చి, ఇల్లు కూడా లేని మనిషి దగ్గర ఏం వసూలు చేస్తారు? అందుకని ఏ మేనేజరూ దావా వేయడు. మాఫీ చేసే అధికారం కూడా ఆయనకు లేదు. పద్దు రిటెన్ ఆఫ్ ఖాతాలోకి మళ్లించి వదిలేస్తాడు. నేనూ చాలా పద్దులు అలాగే మళ్లించాను.

రిటెన్ ఆఫ్ అన్న మాట మన రాష్ట్రాల్లో చేసే హాని ఇంతా అంతా కాదు. రుణమాఫీలు చూసిన జనం మనవాళ్లు. మా తెనాలి మిత్రుడు కూడా 2023లో బ్యాంకులో ఎవరో "మీది రైటాఫ్ అయిందండీ" అంటే మాఫీ అయిందనుకుని ఇంటికెళ్లి భార్యకు చెప్పారట. ఆమె గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చింది. బ్యాంకు తన లెక్కల పుస్తకంలో నష్టంగా రాసుకోవడమే రైటాఫ్. అప్పు తీసుకున్నవాడి మీద ఒక్క రూపాయి కూడా తగ్గదు. పైగా సిబిల్ రిపోర్టులో పడే మాటల్లో దీన్ని మించిన చెడ్డ మాట చాలా తక్కువ.

ఇక ఆయన ఫోనులో నేను చూసిందేమిటో చెప్తాను. ఆ రిపోర్టులో ప్రతి అప్పు కిందా నెలకొక గడి చొప్పున 36 గడులుంటాయి. కిస్తీ సమయానికి పడితే గడిలో మూడు సున్నాలు. ఆలస్యమైతే ఎన్ని రోజులో ఆ అంకె. బాగా ముదిరితే అంకెల బదులు అక్షరాలు పడతాయి. ఆయన గడుల్లో కొన్నిటిలో డీబీటీ అని ఉంది. "ఇది ప్రభుత్వం ఖాతాల్లో వేసే డబ్బేనా అండీ, నాకెప్పుడూ రాలేదే" అని అడిగారు. కాదండీ, డౌట్‌ఫుల్ అన్న మాటకు కురచ రూపం, వసూలు కావడం అనుమానమని అర్థం అని చెప్పాల్సి వచ్చింది. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. "మరి నేను కట్టిన యాభై కిస్తీలు ఏవండీ?" అన్నారు.

వెతికాను. ఆ రిపోర్టులో అవి లేవు. కనిపించేది చివరి 36 నెలలే. 2016 నుంచి 2020 దాకా తేదీ తప్పకుండా కట్టిన ఆ నాలుగేళ్ల పైచిలుకు చరిత్ర కిటికీ దాటి వెనక్కి వెళ్లిపోయింది. ఎగవేత మాత్రం వెనక్కి వెళ్లడం లేదు. ఎందుకంటే ఆ మూడున్నర లక్షలు బాకీగా ఉన్నంత కాలం బ్యాంకు ప్రతిసారీ దాన్ని కొత్తగా పంపుతూనే ఉంటుంది. 2025 జనవరి 1 నుంచి ఈ సమాచారం నెలకు రెండుసార్లు, 15వ తేదీన, నెలాఖరున పంపాలని మీ సంస్థ ఆదేశించింది. మంచి ఆదేశమే. అప్పు తీర్చేసినవాడికి ఆ సంగతి కొన్ని వారాల్లోనే రికార్డుకెక్కుతుంది. కానీ ఇల్లు వేలమై చేతిలో ఏమీ మిగలనివాడికి, ఎప్పుడో 2022లో జరిగిన నష్టం పంపిన ప్రతిసారీ నిన్ననే జరిగినట్టు తాజా అవుతుంది. 36 నెలల కిటికీ ఎంత ముందుకు జరిగినా అందులో అదే మాట. మంచి పాతబడుతుంది, చెడు పాతబడదు. 33 ఏళ్లు బ్యాంకులో ఉండి ఈ సంగతి నేను గమనించలేదంటే సిగ్గుగా ఉంది.

ఒక్క రిపోర్టుతో ఇది ఆగలేదు. గృహరుణంలో ఆడవాళ్ల పేరు చేరిస్తే వడ్డీలో 0.05 శాతం రాయితీ వస్తుందని కౌంటర్ దగ్గర మేమే చెప్పి చేర్పిస్తాం. అలా ఆయన భార్య సహ రుణగ్రహీత అయింది. కాబట్టి ఆమె రిపోర్టులోనూ అదే పద్దు, అదే మాట. మా తెనాలి మిత్రుడికి బావమరిది వరసైన ఒకాయన అప్పటికి మంచి సంపాదనలో ఉన్నాడని హామీ సంతకం పెట్టించాం. ఆ హామీదారు సొంతంగా లారీ కొనుక్కోవాలని ఫైనాన్సుకి వెళ్తే, తాను చేయని అప్పు తన పేరు మీద కనిపించింది. పదేళ్ల నాటి ఆ సంతకం సంగతే ఆయన మరిచిపోయాడు. ఇల్లు ఒకటే, మసి పట్టింది మూడు పేర్లకు. రెండు కుటుంబాల మధ్య రాకపోకలు ఇప్పుడు లేవు.

మా తెనాలి మిత్రుడు నా దగ్గరకు పరిగెత్తుకు రావడానికి కారణం కూతురు. ఆ అమ్మాయికి బీఫార్మసీలో సీటు వచ్చింది. విద్యారుణానికి దరఖాస్తు పెట్టారు. నాలుగు లక్షల లోపు విద్యారుణానికి తాకట్టు అడగకూడదని మీ నిబంధన, బ్యాంకు అడగలేదు కూడా. కాకపోతే తండ్రినో తల్లినో సహ రుణగ్రహీతగా చేర్చాలి. తండ్రి రిపోర్టులో రిటెన్ ఆఫ్. తల్లి రిపోర్టులో రిటెన్ ఆఫ్. మేనేజర్ మర్యాదగానే మాట్లాడి, పాత బాకీ తీర్చి రమ్మని పంపేశారు. ఆ మేనేజర్‌ను తప్పు పట్టను, ఆ కుర్చీలో కూర్చుంటే నేనూ అంతే చేసేవాణ్ని. విద్యారుణాన్ని కేవలం సిబిల్ స్కోరు తక్కువన్న కారణంతో తోసిపుచ్చకూడదని కేరళ హైకోర్టు 2023 మేలో చెప్పింది. అప్పుకి ఇంత స్కోరు ఉండాలని రిజర్వు బ్యాంకు కనీస హద్దేమీ పెట్టలేదని ఆర్థిక శాఖ 2025లో లోక్‌సభకు తెలిపింది. రెండూ నిజమే. కానీ బ్రాంచి కంప్యూటర్లో స్కోరు హద్దు దాటకపోతే దరఖాస్తు ముందుకు కదలదు. హైకోర్టుకు వెళ్లే తాహతు ఉంటే ఆయనకు ఈ అప్పే అక్కర్లేదు.

పిల్లలు ఎలాగో చదివి బయటపడ్డా రుణచరిత్ర నీడ వాళ్ల మీదా పడుతుంది. బ్యాంకు ఉద్యోగానికి ఎంపికైన ఒక అభ్యర్థికి రుణ చరిత్ర బాగాలేదని నియామకం రద్దు చేస్తే, మద్రాసు హైకోర్టు 2025 జూన్‌లో బ్యాంకు పక్షానే తీర్పునిచ్చింది. అది ఆ అభ్యర్థి సొంత బాకీల సంగతే. కానీ తండ్రికి అప్పు పుట్టని ఇంట్లో పిల్లలే చిన్న వయసులో యాప్ అప్పులు, కార్డు అప్పులు నెత్తికెత్తుకుంటారు. నేను చూశాను.

బ్యాంకు తలుపు మూసుకుంటే ఆ మనిషి ఎటు వెళ్తాడో మా ప్రాంతంలో ఎవరినడిగినా చెప్తారు. 2015 డిసెంబరులో విజయవాడలో బయటపడిన కాల్‌మనీ అనే అధిక వడ్డీ అప్పుల వ్యవహారం దేశమంతా చూసింది. ఆ వడ్డీల వ్యాపారుల గడప తొక్కింది బ్యాంకులో అప్పు పుట్టని చిన్న వర్తకులు, ఉద్యోగులు, గృహిణులు. 2020 డిసెంబరులో హైదరాబాద్ పోలీసులు ఇన్‌స్టంట్ లోన్ యాప్‌ల మీద వరసగా కేసులు పెట్టారు. అప్పటికే కొందరు ఆ వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు. ఆ యాప్‌ల మీద 2022లో మీరు తెచ్చిన డిజిటల్ రుణాల నిబంధనలు మేలు చేశాయి. కానీ అక్కడికి జనం ఎందుకు వెళ్తున్నారన్న ప్రశ్న మిగిలే ఉంది. మా తెనాలి మిత్రుడు దుకాణంలోకి సరుకు కోసం నూటికి నెలకు అయిదు రూపాయల వడ్డీకి తెస్తున్నారు. ఏడాదికి 60 శాతం. ఇల్లు పోగొట్టుకున్న అప్పు వడ్డీ తొమ్మిదిన్నర. వడ్డీ వ్యాపారుల్ని వదిలేస్తే, స్కోరు చూడకుండా ఇచ్చే అప్పు ఒక్కటే దొరికింది ఆయనకు, బంగారం మీద. కూతురి మొదటి ఏడాది ఫీజు భార్య నానుతాడు తాకట్టు పెట్టి కట్టారు. ఆమె ఇప్పుడు పసుపుతాడే వేసుకుంటోంది.

గవర్నరు గారూ, ఈ రికార్డే ఉండకూడదని నేను అనడం లేదు. అప్పు ఇచ్చేవాడికి ఎదుటివాడి సంగతి తెలియాలి. రుణ సమాచార కంపెనీల చట్టం 2005లో వచ్చినప్పుడు మీ కుర్చీలో ఉన్నది కడప జిల్లా వాసి వై.వి.రెడ్డి గారు. ఆ రోజుల్లో నేను బ్రాంచిలో అప్పుల ఆఫీసర్ని. ఒకే పొలం కాగితాల నకళ్లు నాలుగు బ్యాంకుల్లో పెట్టి అప్పులు తీసుకున్నవాళ్లను చూసి విసిగిపోయి ఉన్న మాకు ఆ చట్టం దేవుడిచ్చిన వరంలా అనిపించింది. దాని వల్ల తాకట్టు పెట్టడానికి ఏమీ లేని కుర్రాళ్లకు మంచి చరిత్ర ఒక్కటి చూసి అప్పులిచ్చాం. రికార్డు మంచిదే. దానికి ముగింపు తేదీ లేకపోవడం మంచిది కాదు.

రుణ సమాచారాన్ని కనీసం ఏడేళ్లు ఉంచాలని మన నిబంధన. ఆ కనీసం అన్న మాటే నా మిత్రుడి లాంటివాళ్లకు శిక్ష. ఇల్లు వేలమైన నాటి నుంచి ఎన్నేళ్లకు ఈ మచ్చ పోతుందో చెప్పే కాగితం ఏదీ బ్యాంకు ఆయన చేతికివ్వలేదు. అమెరికాలో ఇల్లు బ్యాంకు జప్తు చేసుకుంటే ఆ సంగతి రుణ నివేదికలో ఏడేళ్లకు మించి ఉండకూడదని అక్కడి చట్టమే గిరి గీసింది. 2008 తర్వాత అక్కడ ఇళ్లు పోగొట్టుకున్న లక్షల కుటుంబాలు ఎదురుచూడటానికి ఒక తేదీ ఉంది. ప్రభుత్వ పూచీ ఉన్న గృహరుణాలకైతే మామూలుగా మూడేళ్ల తర్వాత మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. మన దగ్గర కూడా కొలత పెట్టడం కొత్త కాదు. రాజీ పరిష్కారం చేసుకున్నవాళ్లకు మళ్లీ అప్పు ఇవ్వడానికి ముందు కనీసం 12 నెలల విరామం ఉండాలని 2023 జూన్ 8న మీ సంస్థే చెప్పింది. దివాలా స్మృతి కింద కంపెనీ చేతులు మారితే పాత బాకీల లెక్క అంతటితో తెగిపోతుందని సుప్రీంకోర్టు 2021లో తేల్చింది. కంపెనీకి కొత్త పలక ఇస్తాం. అదే స్మృతిలో మామూలు మనుషుల కోసం రాసిన భాగం 2016లోనే పార్లమెంటు దాటింది, కంపెనీలకు హామీ ఉన్నవాళ్లకు తప్ప ఇంకెవరికీ ఇంతవరకూ అమల్లోకి రాలేదు. మావాళ్లకు తెలిసిందల్లా ఐపీ (దివాలా పిటిషన్) పెట్టడం, అది 1920 నాటి చట్టం. అదైనా పరువు పోతుందని పెట్టరు. ఈ చివరిది మీ చేతుల్లో లేదు, ఢిల్లీలో ఉంది. మీ చేతుల్లో ఉన్నదే అడుగుతున్నాను.

మొదటగా, తాకట్టు ఇల్లు వేలమైన ఖాతాకు రిటెన్ ఆఫ్ అన్న మాట బదులు, తాకట్టు ఆస్తి అమ్మి ఇంత జమ చేసుకున్నాం, ఇంత మిగిలింది అని తెలిసే వేరే మాట పెట్టించండి. ఎగ్గొట్టి ఊరు వదిలి పారిపోయినవాడికీ, 34 లక్షల బాకీలో 30 లక్షల 70 వేలు తన ఇంటి రూపంలో కట్టినవాడికీ ఒకే మాట పడటం అబద్ధం రాయడమే. ఈ రిపోర్టు చదివే రేపటి మేనేజర్‌కు కూడా ఆ అబద్ధం వల్ల ఉపయోగం లేదు.

వేలం ముగిసిన నెల రోజుల్లో పూర్తి లెక్క, ఆ మనిషి చదవగలిగే భాషలో, చేతికివ్వాలని ఆదేశించండి. ఎంతకు అమ్మారు, ఖర్చులేమిటి, ఎంత మిగిలింది, దాన్ని ఏం చేయబోతున్నారు. రుణం పూర్తిగా తీర్చినవాడికి దస్తావేజులు 30 రోజుల్లో తిరిగివ్వకపోతే రోజుకు 5,000 రూపాయలు బ్యాంకు ఇచ్చుకోవాలని 2023 సెప్టెంబరులో చెప్పింది మీరే. ఆ ఆదేశం రావడంతో బీరువాల్లో ఏళ్ల తరబడి మూలిగిన దస్తావేజులు వారంలో బయటికి రావడం నా తర్వాత ఆ సీటులో కూర్చున్నవాళ్లు చెప్పారు. ఇల్లు పోగొట్టుకున్నవాడికి ఒక్క కాగితం ముక్క ఇప్పించడం మీకు కష్టం కాదు.

అన్నిటికంటే ముఖ్యమైనది తేదీ. వేలం జరిగిన రోజు నుంచి లెక్కపెట్టి, ఆ తర్వాత కొత్త ఎగవేత ఏదీ లేకపోతే, ఏడేళ్లకు ఆ పద్దు రిపోర్టులోంచి పోవాలి. లెక్క చివరిసారి సమాచారం పంపిన రోజు నుంచి మొదలు కాకూడదు, అలాగైతే అది ఎప్పటికీ ముగియదు. మిగిలిన బాకీ మీద బ్యాంకుకు హక్కుంటే దావా వేసుకోమనండి. కోర్టుకెళ్లడానికి 1963 నాటి కాలపరిమితి చట్టం ఒక గడువు పెట్టింది. దావా గడువు దాటిపోయాక కూడా రిపోర్టులో మాత్రం బాకీ బతికే ఉండటం ఏ న్యాయం కిందికీ రాదు. ఈలోగా ఇంటి బాకీ తాలూకు తల్లిదండ్రుల మచ్చను పిల్లల విద్యారుణానికి అడ్డు పెట్టవద్దని స్పష్టంగా ఒక్క వాక్యం రాయించండి. బ్రాంచి మేనేజర్లు హైకోర్టు తీర్పులు చదవరు, మీ సర్క్యులర్ చదువుతారు.

ఈ ఉత్తరం అచ్చులో చదివే మిగతావాళ్లకు కూడా ఒక మాట. కిస్తీలు మీద పడుతున్నాయని తెలిసిన రోజే బ్రాంచికి వెళ్లండి, 90 రోజులు దాటనివ్వకండి. ఇక నెగ్గుకురాలేమని తేలితే ఇల్లు మీరే అమ్మండి. మీరు అమ్మిన ఇంటికి మార్కెట్ ధర వస్తుంది, అప్పు క్లోజ్డ్ అని పడుతుంది. బ్యాంకు అమ్మితే ధరా పోతుంది, పేరూ పోతుంది. వేలం ప్రకటన పత్రికలో పడిన రోజుతో డబ్బు కట్టి ఇల్లు విడిపించుకునే హక్కు ముగుస్తుంది, సుప్రీంకోర్టు 2023లో ఈ సంగతి గట్టిగా చెప్పింది. వేలం రోజు దాకా సమయం ఉందని చెప్పే మధ్యవర్తుల మాట నమ్మకండి. తగ్గించి కట్టి సెటిల్‌మెంట్ చేసుకుంటే రిపోర్టులో సెటిల్డ్ అని పడుతుంది, క్లోజ్డ్ అని పడదు. ఆ తేడా ఏమిటో సంతకం పెట్టే ముందే తెలుసుకోండి. రుణ సమాచార కంపెనీలు నాలుగున్నాయి, ఒక్కొక్కటీ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పుంటే రాసివ్వండి. 30 రోజుల్లో సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం మీకు రావాలి. ఎవరూ పట్టించుకోకపోతే 14448కి ఫోను చేసి రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఎలా ఫిర్యాదు చేయాలో అడగండి. ఎవరికైనా హామీ సంతకం పెట్టి ఉంటే మీ రిపోర్టు ఈ వారమే తీసి చూడండి.

గవర్నరు గారూ, తెనాలి మిత్రుడి రిపోర్టులో నేను ఒక తప్పు పట్టుకున్నాను. వేలంలో వచ్చిన డబ్బు జమ చేయకుండా బాకీ మొత్తం 34 లక్షల 20 వేలూ అలాగే చూపిస్తున్నారు. రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టించాను. 26 రోజులకు దాన్ని మూడున్నర లక్షలుగా సరిచేశారు. మీ 30 రోజుల నిబంధన పనిచేసింది, అందుకు కృతజ్ఞతలు. కానీ మూడున్నర లక్షల పక్కన రిటెన్ ఆఫ్ అలాగే ఉంది. ఆ అమ్మాయి రెండో ఏడాది ఫీజు ఇంకా కట్టాలి. నానుతాడు ఇంకా విడిపించలేదు. బ్యాంకు పంపే సమాచారంలో ఆయన పేరు, భార్య పేరు, హామీ సంతకం పెట్టినాయన పేరు వెళ్తూనే ఉన్నాయి.

దానికి ఒక చివరి తేదీ వేయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ రికవరీ ఆఫీసర్,
గుంటూరు జిల్లా.